బాండుకు నంబరు దొరికిన విధము

పురపాలక సంఘం ఇంతవరకూ ఏ పౌరుడి సొమ్మూ ఎగవెయ్యలేదు. ఈ మాట సంఘమే స్వయంగా ప్రకటించింది కాబట్టి అనుమానించవలసిన పని లేదు. కాకపోతే, బాండు సొమ్ము తిరిగి ఇవ్వాలంటే దాని గుర్తింపు నంబరు కావాలి. నంబరు చెప్పలేనివారికి ఇవ్వకపోవడాన్ని ఎగవేత అనరు, జాగ్రత్త అంటారు.

ఈ జాగ్రత్త ఎలా ఉంటుందో టైలరమ్మకు అనుభవంలోకి వచ్చింది. కాలువ పక్క వీధిలో, కిటికీ దగ్గర కుట్టుమిషను వేసుకుని తాతలకూ మనవలకూ కూడా చొక్కాలు కుట్టిన మనిషి ఆమె. అందరూ టైలరమ్మా టైలరమ్మా అనడంతో ఆమెకు అసలు పేరొకటి ఉన్న సంగతి రేషను కార్డుకు తప్ప ఎవరికీ గుర్తులేదు. ఈమధ్య రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయి. పక్క వీధిలో ఉన్న కూతురు పొద్దున్నే వచ్చి కొన్ని సూదులకు దారం ఎక్కించి కిటికీ తెరకు గుచ్చి వెళ్లేది. ఆ దారాలు అయిపోతే ఆనాటికి పని అయిపోయినట్టే. నీలం కోటుకు నల్ల దారం వేసిందని ఒకాయన కోటు విసిరికొట్టి వెళ్లిన రోజున, ఇక ఆపరేషన్ తప్పదని ఆమె ఒప్పుకుంది.

ఖర్చుకు దిగులు లేదనే అనుకుంది. పోయిన భర్త ఆమె పేరు మీద ఒక మునిసిపల్ బాండు కొనిపెట్టి పోయాడు. కాలువ మీద వంతెన కట్టడానికి సంఘం అమ్మిన బాండు అది. వంతెన కూడా చాలావరకు పూర్తయింది. ఈ ఒడ్డున మెట్లున్నాయి, ఆ ఒడ్డున మెట్లున్నాయి. మధ్యలోదే మిగిలింది.

బాండుల విభాగంలో గుమాస్తా కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“సీరియల్ నంబరుందమ్మా. గుర్తింపు నంబరు లేదు.”

“రెండూ ఒకటి కాదా నాయనా?”

“ఎలా అవుతాయమ్మా? సీరియల్ నంబరు కాగితానిది. గుర్తింపు నంబరు బాండుది.”

“ఆ కాగితమే కదా బాండు?”

“అందరూ అక్కడే పొరబడతారు,” అన్నాడు గుమాస్తా జాలిగా. “మీరు కొన్నప్పుడు ఈ నంబర్లు లేవు. తరవాత ఇచ్చాం, ఒక్కో బాండుకి ఒక్కోటి.”

“అయితే నాదానికీ ఇచ్చే ఉంటారుగా. కాస్త వెతికి చెప్పు.”

“తప్పకుండా వెతుకుతాం. నంబరు చెప్పండి, దాన్నిబట్టి వెతుకుతాం.”

“నంబరు తెలిస్తే వెతకడమెందుకు?”

“నంబరు తెలియకుండా దేన్నని వెతకమంటారమ్మా?”

అతను వెటకారం చెయ్యడం లేదు. నిజంగానే అడిగాడు. పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కాదు, పెళ్లయితేగానీ పిచ్చి కుదరదు అన్న సామెతను ఇంత నిష్ఠగా అమలుచేసే కార్యాలయం మరొకటి ఉండదు.

టైలరమ్మ కాళ్లకు బలపం కట్టుకుని తిరిగింది. బ్యాంకువారు, అది సంఘం ఇచ్చే నంబరు, మాకు తెలియదన్నారు. అప్పట్లో బాండు అమ్మిన ఏజెంటును అడగమని ఇంకెవరో అన్నారు. వెళ్లి చూస్తే ఏజెంటు ఆఫీసున్న చోట సెలూన్ ఉంది. సెలూన్ అతను మర్యాదగా కుర్చీ తుడిచి కూర్చోమన్నాడు. అంత తిరుగుడులోనూ ఆమెను కూర్చోమన్నవాడు అతనొక్కడే.

పౌరుల ఇబ్బందిని సంఘం గమనించకపోలేదు. నంబర్లు వెతుక్కోవడానికి ఒక వెబ్‌సైటు తయారుచేయించి, పెద్ద హాలులో సభపెట్టి ప్రారంభించింది. అధ్యక్షులవారు గద్గద స్వరంతో ప్రసంగించారు.

“ఇకమీదట నంబరు కోసం ఏ ఒక్క పౌరుడూ మా కార్యాలయం చుట్టూ తిరగనక్కరలేదు. హాయిగా ఇంట్లోనే కూర్చుని తిరగవచ్చు.”

హాలు దద్దరిల్లేలా చప్పట్లు కొట్టారు. టైలరమ్మ అల్లుడు కూడా కొట్టాడు. కంప్యూటర్ల సంగతి తెలిసినవాడు కావడంతో ఆ సాయంత్రమే అత్తగారి పక్కన కూర్చుని వెబ్‌సైటు తెరిచాడు. మొదటి గడిలో గుర్తింపు నంబరు నింపమని ఉంది. కింద ‘నంబరు తెలియదా?’ అని ఉంటే అది నొక్కాడు. మీ నంబరు నమోదు చేసినచో మీ నంబరు మీకు పంపబడును, అని వచ్చింది.

అల్లుడు దాన్ని ఇంకోసారి చదివాడు.

“చాలా బాగా చేశారండీ అత్తయ్యా. అక్షరాలు ఎంత పెద్దవిగా పెట్టారో చూడండి.”

“అవీ కనబడటం లేదు బాబూ,” అంది టైలరమ్మ.

మర్నాడు ఆమె మిషను మీద గుడ్డ కప్పేసింది. కూతురు సూదులు చేతిలోకి తీసుకుంటే వద్దంది. చేతకాని పనికి దారం దండగంది. ఆ మాట కూతురికి ముల్లులా గుచ్చుకుంది. బీదలకు ఉచితంగా కళ్ల ఆపరేషన్లు చేసే మునిసిపల్ ఆసుపత్రికి తల్లిని చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది.

అక్కడి కౌంటరులో కుర్రాడు ఆమె పేరు కొట్టి, తల అడ్డంగా ఊపాడు.

“మీరు బీదవారు కాదమ్మా. మీకు మునిసిపల్ బాండుంది. ఉచితంగా చెయ్యడం కుదరదు.”

తిరస్కరణ పత్రం అచ్చయి వచ్చింది. కారణం అన్నచోట బాండు గుర్తింపు నంబరు, అక్షరాలూ అంకెలూ ఒక్కటి పోకుండా ఉంది. కూతురు దాన్ని తల్లికి పైకి చదివి వినిపించింది.

“ఈ నంబరు నీకెక్కడిది బాబూ?” అంది టైలరమ్మ.

“సంఘం వాళ్లే పంపారమ్మా. ఉచితం అడిగేవాళ్ల ఆస్తులన్నీ మా దగ్గరుంటాయి.”

“వెతకడానికి చాలా కష్టపడి ఉంటారు.”

“కష్టమేముందమ్మా, పేరు కొడితే వస్తుంది.”

టైలరమ్మ ఆ తిరస్కరణ పత్రాన్ని పట్టుగుడ్డ మడిచినట్టు మడిచి జాకెట్లో పెట్టుకుని, తిన్నగా బాండుల విభాగానికి నడిచింది. గుమాస్తా మనస్ఫూర్తిగా సంతోషించాడు.

“చూశారా అమ్మా, మనం గట్టిగా అనుకోవాలేగానీ దొరకనిదంటూ ఉండదు,” అన్నాడు.

సొమ్ము వచ్చింది. ఆపరేషన్ అయింది. కట్టు విప్పిన మొదటివారంలో టైలరమ్మ తన సూదికి తానే దారం ఎక్కించుకుని, ఎక్కించిన సూదిని చాలాసేపు చూస్తూ కూర్చుంది.

నంబరు ఎలా దొరికిందని అడిగినవారికల్లా ఆమె దాపరికం లేకుండా చెప్పింది. దాంతో నగరంలో బాండులున్నవారందరికీ చూపు మందగించింది. ఆసుపత్రి ముందు బారులు తీరారు. బీదవారు కాదని రాయించుకున్నవారు ఒకరినొకరు కావలించుకున్నారు. నిజంగా బీదవారై ఉండి ఆపరేషన్‌కు వచ్చినవారు బారు చివర నిలబడి, ఏదో పంచుతున్నారనుకున్నారు.

నగరంలో కంటిజబ్బులు ఉపద్రవంలా ప్రబలాయని అధికారులు అధ్యక్షులవారికి నివేదించారు. ఆయన చలించిపోయారు. ఇంకా పెద్ద కంటి ఆసుపత్రి కట్టాలని తీర్మానించి, అందుకు కొత్త బాండులు విడుదల చేశారు. కాలువ ఒడ్డున ఆ వంతెన మెట్లు రోజూ ఎక్కి దిగేవారంతా పొద్దున్నే వెళ్లి ఎగబడి కొనుక్కున్నారు.

అల్లుడు కూడా ఒకటి కొని, అత్తగారికి చూపించడానికి తెచ్చాడు. టైలరమ్మ కళ్లద్దాలు సవరించుకుని మొదటినుంచి చివరిదాకా చదివింది.

“గుర్తింపు నంబరు దగ్గర ‘తరవాత తెలియజేయబడును’ అని ఉందేమిటి బాబూ?”

“దానికేముందండీ అత్తయ్యా, దారి తెలిసిపోయిందిగా. గడువు తీరాక వెళ్లి కళ్లు కనబడటం లేదని చెప్తాను,” అని అల్లుడు నవ్వాడు. “నా కళ్లు శుభ్రంగా ఉన్నాయనుకోండి.”

టైలరమ్మ బాండు అతని చేతిలో పెట్టింది.

“అలాగని నీకెవరు చెప్పారు బాబూ?” అంది.