ఎవేలియో మేష్టారు వేసిన మార్కులు

సోమవారం పొద్దున ఎవేలియో మేష్టారికి ఒకే పని ఉంది. కొత్త నోటుపుస్తకంలో స్కేలు పెట్టి వారానికి సరిపడా గళ్లు గీయాలి. వెరాక్రూజ్ ఊరి బళ్లో నలభై ఒక్క ఏళ్లు పిల్లల పరీక్ష పేపర్లు దిద్దిన చెయ్యి అది, ఎర్ర కలం కనిపిస్తే ఊరుకోదు.

ఆయన భార్య ఒతీలియాకి తొమ్మిదేళ్ల కిందట వెన్నుకు ఆపరేషన్ అయింది. అప్పటినుంచి ఎడమ కాల్లో నిప్పులు పోసినట్టు మంట. మొన్న శనివారం డాక్టర్ సారాతే ఆమె వెన్నులోకి రెండు సన్నటి తీగలు పంపి, వాటి చివరలను నడుముకు కట్టిన చిన్న పెట్టెకు తగిలించాడు. పెట్టెలోని కరెంటు నొప్పి కబురును దారిలోనే ఆపేస్తుందట. వారంలో నొప్పి సగానికి తగ్గితే పెట్టెను శాశ్వతంగా ఒంట్లో అమరుస్తారు. లేదంటే తీగలు లాగేస్తారు, ఇక ఆ మంటతోనే బతుకు. రోజూ సున్నా నుంచి పది దాకా ఒక అంకె వేయండి, నొప్పి లేకపోతే సున్నా అని డాక్టర్ చెప్పాడు. "పది దాకా" అన్న దగ్గరే మేష్టారు వినడం మానేశారు. మార్కులు వేయడం ఆయనకి ఇంకొకరు నేర్పాలా?

సోమవారం ఒతీలియా కుర్చీలో కూర్చుని కాఫీ తాగింది. మేష్టారు ఐదు వేశారు. మంగళవారం మెట్లు దిగింది, ఆరు. బుధవారం నిలబడి చేపల కూర వండింది, ఏడు. ఆ అంకె ఫోనులో విన్న ఆసుపత్రి నర్సు కంగారుపడి కరెంటు పెంచమంది. ఇంకా మంచి మార్కులు కావాలి కాబోలనుకుని మేష్టారు పెట్టె మీటను రెండు గీతలు పైకి జరిపారు. ఒతీలియా కాల్లో చీమలు ఊరేగాయి. గురువారం ఎనిమిదని విని, ఆమెను మంచం దిగనివ్వొద్దంది నర్సు. బాగా చదివిన పిల్లకి సెలవిచ్చారని మేష్టారు మురిసిపోయి, సంతకు బయల్దేరిన భార్యను వెనక్కి తీసుకొచ్చి పడుకోబెట్టారు.

"ఏవండీ, నాకు బాగానే ఉంది కదా."

"అందుకే పడుకోమన్నారు."

శుక్రవారం సాయంత్రం ఇక ఆగలేక ఆమే ఆయన్ని ఊరి చౌక్‌కి లాక్కుపోయింది. బ్యాండువాళ్లు జంటలు మెల్లగా ఆడే దాన్సోన్ పాటలు వాయిస్తున్నారు. తొమ్మిదేళ్ల తర్వాత ఇద్దరూ ఒక పాటకి అడుగులు వేశారు, నడుము తిప్పకుండా, ఒక్క గచ్చు పలక దాటకుండా. మేష్టారి కళ్లు చెమర్చాయి. ఇంటికొచ్చి, ఉద్యోగంలో ఒక్కరికీ వేయని పది వేశారు.

శనివారం డాక్టర్ నోటుపుస్తకం తిరగేసి నిట్టూర్చాడు. నొప్పి రోజురోజుకీ ముదిరిందని, తీగలు ఇప్పుడే తీసేయాలని చెప్పి చేతులకి తొడుగులు వేసుకున్నాడు.

మేష్టారు అడ్డుపడ్డారు. "క్లాసు ఫస్టు వచ్చిన పిల్లని బళ్లోంచి పంపేస్తారా డాక్టరుగారూ?"

డాక్టర్ ఆయన్నీ, ఎర్ర సిరానీ మార్చి మార్చి చూశాడు. "మేష్టారూ, పది అంటే ఏమనుకున్నారు?"

సంగతి బయటపడేసరికి మేష్టారి మొహం సిరాకంటే ఎర్రబడింది. తప్పు తనదని, ఆమెను శిక్షించొద్దని బతిమాలారు. ఏ అంకె నమ్మాలో డాక్టర్‌కి పాలుపోలేదు. అసలు నొప్పి ఎంతండీ అని మళ్లీ మేష్టారినే అడిగాడు.

మంచం మీద బోర్లా పడుకున్న ఒతీలియా తల తిప్పింది.

"నన్నడగండి బాబూ. తొమ్మిదేళ్లుగా డాక్టర్లందరూ నా నొప్పి సంగతి ఆయన్నే అడుగుతున్నారు. కాలు నాది."

డాక్టర్ సిగ్గుపడి, కుర్చీ ఆమె వైపు జరుపుకుని అడిగాడు.

"రెండు," అందామె. "నిన్న పాట అయ్యేసరికి ఒకటి."

డాక్టర్ తొడుగులు తీసేసి, పెట్టె అమర్చే తేదీ రాశాడు. అప్పటిదాకా నింపమని ఒక అచ్చుకాగితం ఆమె చేతికే ఇచ్చాడు. "ఇతర బాధలు" అన్న చోట ఆమె క్షణమైనా ఆలోచించకుండా భర్త పేరు రాసింది.