బూలంగా ఓటమికి బాధ్యులెవరు?

"మన క్లబ్బు ఓడిపోవడం లేదు. గెలుపుకు ముందుండే దశను క్షుణ్ణంగా అధ్యయనం చేస్తోంది" అని ప్రకటించారు ఆస్ట్రేలియాలో బూలంగా అనే చిన్న ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు ప్రెసిడెంటు మెర్విన్ పెటిగ్రూ గారు.

గురువారం ప్రాక్టీసు ముగించి, మోకాళ్ళదాకా బురదతో నిలబడ్డ ఆటగాళ్ళు చప్పట్లు కొట్టారు. చలికి ఎలాగూ చేతులు రుద్దుకుంటున్నారు కనక పెద్దగా శ్రమ అనిపించలేదు.

కెప్టెన్ వారిక్ డన్‌ఫీ మాత్రం కొట్టలేదు. అతను ప్లంబరు. పైపు కారుతుంటే దాన్ని దశ అనడం అతనికి అలవాటు లేదు. పైగా జిల్లా లీగు వాళ్ళు మొన్ననే కబురు పెట్టారు: ఈ సీజన్లో కూడా బూలంగా అట్టడుగునే మిగిలితే జట్టును లీగులోంచి తీసేస్తారట. వారిక్ తాత, తండ్రి ఆ పసుపు చారల జెర్సీలోనే ముక్కులు పగలగొట్టుకున్నారు. తను రెండుసార్లు పగలగొట్టుకున్నాడు. ఆ ఇంటికి తరతరాలుగా వస్తున్న ఆస్తి అదొక్కటే.

ఓటములకు కారణం ఎవరన్న విషయంలో ఊరు రెండు ముక్కలైంది. సగం మంది కోచ్ నెవిల్ కార్డ్‌వెల్ అన్నారు. మిగతా సగం ఆటగాళ్ళను వెతికి తెచ్చే ట్రెంట్ మాలూఫ్ అన్నారు.

"ముసలి గొర్రెను తోలుకొచ్చి, లేత మాంసం వండి పెట్టమంటే నేనేం చెయ్యను?" అనేవాడు నెవిల్.

"గొర్రె లేతదేనయ్యా! ఉడికించి ఉడికించి చెప్పుతోలు చేసిందెవరు?" అనేవాడు ట్రెంట్.

ఎవరి మాటనీ తీసిపారెయ్యడానికి లేదు. ట్రెంట్ ఆ ఏడాది ఎక్కడినుంచో ఓట్టో అనే కుర్రాణ్ణి పట్టుకొచ్చాడు. ఏ గుమ్మమైనా వంగితే తప్ప దాటలేడు. "ఎత్తు చూడండి, ఎత్తు!" అని ట్రెంట్ మురిసిపోయాడు. బంతి మీదికొస్తే ఓట్టో కళ్ళు మూసుకుంటాడన్న సంగతి ఆ ఎత్తులో కనబడలేదు. ఇక నెవిల్, బోర్డు నిండా బాణాలు గీసి, "ముందు ఖాళీని అర్థం చేసుకోండి" అంటూ బంతి లేకుండానే ప్రాక్టీసు చేయించేవాడు. ఖాళీ అందరికీ బాగా అర్థమైంది. ప్రతి శనివారం ఎదుటి జట్టు అందులోంచే పరిగెత్తుకెళ్ళి గోల్స్ కొట్టేది.

పెటిగ్రూ గారు దూరదృష్టి గల మనిషి. సమస్య మనుషుల్లో లేదు, కుర్చీల్లో ఉందని కనిపెట్టారు. ట్రెంట్‌ను కోచ్ చేశారు. నెవిల్‌ను ఆటగాళ్ళను వెతకమన్నారు. ఆ శనివారం కూడా జట్టు ఓడింది.

"ముసలి గొర్రెను తోలుకొస్తే నేనేం చెయ్యను?" అన్నాడు ట్రెంట్.

"గొర్రె లేతదేనయ్యా!" అన్నాడు నెవిల్.

పెటిగ్రూ గారి కళ్ళు చెమర్చాయి. "చూశావా వారిక్? ఏడాదిగా ఒకరి మాట ఒకరు వినని వాళ్ళు ఇవాళ ఒకరి మాట ఒకరు చెబుతున్నారు. ఇదీ సమన్వయమంటే!"

"మరి గెలుపు సంగతండీ?"

"తొందరపడకు బాబూ. ముందు ఓటమిని మన అదుపులోకి తెచ్చుకోవాలి."

సీజన్లో ఆఖరి మ్యాచ్ పొరుగూరు కెరాబీతో. వాళ్ళు పట్టికలో బూలంగాకి ఒక్క మెట్టు పైన ఉన్నారు. గెలిస్తే బూలంగా బతుకుతుంది. సరిగ్గా ఆ మధ్యాహ్నమే, ఓటముల మీద తుది విచారణ పెట్టారు పెటిగ్రూ గారు. సర్వాధికారాలూ సభ్యులు అంతకుముందే కమిటీ చేతిలో పెట్టారు గనక ఎవరినీ అడగాల్సిన పని లేదు.

వారిక్ పరిగెత్తుకెళ్ళాడు. "ప్రెసిడెంటు గారూ, మ్యాచ్ టైముకి కోచ్ గదిలో కూర్చుంటే ఎలాగండీ?"

"ఎందుకు ఓడిపోతున్నామో తేలకుండా ఆడి ఏం లాభం, చెప్పు?"

నెవిల్, ట్రెంట్, కమిటీ మొత్తం క్లబ్బు గదిలోకి వెళ్ళారు. నిష్పాక్షిక పరిశీలకుడిగా కెరాబీ ప్రెసిడెంటును కూడా పిలిచారు. వెనకాలే ఒక ట్రే నిండా మాంసం కూరిన వేడి వేడి మీట్ పైలు వెళ్ళాయి. తలుపులు మూసుకున్నాయి.

మైదానంలో ఆటగాళ్ళంతా వారిక్ చుట్టూ మూగారు.

"ప్లానేంటన్నా?" అడిగాడు ఓట్టో.

"బంతి వాళ్ళ దగ్గరుంటే మీదపడి లాక్కుందాం. మన దగ్గరుంటే ముందుకు తందాం."

"మరి బాణాలు?"

"బాణాల్లేవు, గీణాల్లేవు. నువ్వు కళ్ళు మూసుకున్నా ఫర్లేదురా, చేతులు మాత్రం పైకెత్తి ఉంచు."

కోచింగు అంతే. ఆ తరవాత జరిగినదానికి ఊళ్ళో ఇప్పటికీ ఎవరూ కారణం చెప్పలేరు. బూలంగా కుర్రాళ్ళు పడ్డారు, లేచారు, మళ్ళీ పడ్డారు. ఆఖరి నిమిషానికి స్కోర్లు సమం. వారిక్ చాలా దూరంనుంచి బంతిని తన్నాడు. అది గోలు పోస్టుల దాకా వచ్చి అలిసిపోయి కిందికి దిగబోయింది. అక్కడ ఓట్టో కళ్ళు గట్టిగా మూసుకుని చేతులెత్తి నిలబడి ఉన్నాడు. బంతి అతని వేళ్ళను రాసుకుంటూ లోపలికి పోయింది. ఆస్ట్రేలియా ఫుట్‌బాల్లో బంతిని చేత్తో ముట్టుకోవడం తప్పు కాదు గానీ, చెయ్యి తగిలింది కనక గోలుకిచ్చే ఆరు పాయింట్లు రాలేదు, ఒక్కటే వచ్చింది. గురి తప్పినవాడికి కూడా ఒకటిచ్చే దయగల ఆట అది. ఆట ముగిసిందని సైరన్ మోగింది.

మైదానం చుట్టూ నిలబెట్టిన కార్లన్నీ ఒక్కసారి హారన్లు కొట్టాయి. జట్టు గెలిస్తే చేతులు కలిపి క్లబ్బు పాట పాడాలి. తీరా మొదలుపెడితే రెండో చరణం ఎవరికీ రాదు. కంచె అవతలినుంచి వారిక్ తల్లి బెరిల్ గొంతెత్తి అందించింది. "వెధవల్లారా, పాట కూడా నేనే నేర్పాలా!" అంటూనే ఏడ్చేసింది. వారిక్ జెర్సీ అంచుతో ముక్కు తుడుచుకున్నాడు. ఈసారి ముక్కు పగల్లేదు.

క్లబ్బు తలుపులు తెరుచుకున్నాయి.

"ఏమిటీ గోల? ఎవరికైనా దెబ్బ తగిలిందా?" అన్నారు పెటిగ్రూ గారు.

"గెలిచామండీ!"

"గెలిచారా? ఎవరిని అడిగి?"

"నా బాణాలు ఇన్నాళ్ళకి పనిచేశాయి" అన్నాడు నెవిల్.

"ఓట్టోను తెచ్చిందెవరు మరి?" అన్నాడు ట్రెంట్.

పెటిగ్రూ గారు చెయ్యెత్తి వారించారు. "విచారణ ముగిసింది. తప్పు కోచింగుదీ కాదు, ఎంపికదీ కాదు. క్లబ్బు ఉండటమే తప్పని ఏకగ్రీవంగా తేలింది. అందుకని మ్యాచ్ మూడో క్వార్టరులో ఉండగానే దాన్ని కెరాబీలో కలిపేశాం. సంతకాలు కూడా అయిపోయాయి. కొత్త క్లబ్బుకు కూడా, మీ అందరి అభిమానం వల్ల, నేనే ప్రెసిడెంటుని."

వారిక్ ఒక్కడుగు ముందుకేశాడు. "అప్పుడు మేం వాళ్ళ మీద గెలుస్తున్నామండీ!"

"మనవాళ్ళ గురించి అలా మాట్లాడకూడదు" అని సున్నితంగా మందలించారు పెటిగ్రూ గారు.

సోమవారం పేపర్లో కొత్త క్లబ్బు తొలి ప్రకటన వచ్చింది. శనివారంనాడు తమ జట్టు బూలంగా చేతిలో ఒకే ఒక్క పాయింటు తేడాతో ఓడిపోవడం తీవ్ర ఆవేదన కలిగించిందనీ, లోపం కోచింగులో ఉందో, ఎంపికలో ఉందో తేల్చడానికి నెవిల్, ట్రెంట్‌లతో ఒక సంఘం వేశామనీ, బాధ్యులు ఎంతటివారైనా వదిలిపెట్టేది లేదనీ దాని సారాంశం.

మొదటి సాక్షిగా వారిక్‌ను పిలిచారు.

"ఆరోజు నువ్వు మైదానంలో ఉన్నావా?" అడిగాడు నెవిల్.

"ఉన్నాను."

"ఆఖరి కిక్కు నీదేనా?" అడిగాడు ట్రెంట్.

"నాదే."

పెటిగ్రూ గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. కన్నబిడ్డను అడిగినంత బాధగా అడిగారు:

"మనల్ని ఓడించాలని నీకెందుకు అనిపించింది, బాబూ?"