డెబ్భై ఏడు ముక్కలు

ఊళ్లో అతన్ని రేపటి ఎవాసియో అంటారు. గొడ్డలి నూరడం రేపు, పొగగొట్టం దులపడం రేపు. పెళ్లి కూడా రెండుసార్లు రేపటికి తోశాడు. మూడోసారి క్లెలియా తనే చర్చికి వెళ్లి ఫాదరుతో తేదీ మాట్లాడుకొచ్చింది.

అరవై నిండిన ఏడాది క్లెలియాకు టారో ముక్కలు చూడటం అలవాటైంది. కట్ట కొత్తదేమీ కాదు. ఆ కొండ ఊళ్లలో క్లబ్బులో ఆడేదీ, భవిష్యత్తు చూసుకునేదీ అదే పేక. ఆమె ఎవరికీ జోస్యం చెప్పదు. రోజూ ఆరింటికి కాఫీ పొయ్యి మీద పెట్టి, ముక్కలు కలిపి, ఎడమచేత్తో కోసి, ఒక్కటంటే ఒక్కటి తీస్తుంది. దాని గురించి నోటుబుక్కులో ఒక ముక్క రాసుకుంటుంది.

ఎనిమిదింటికి లేచే ఎవాసియో ఈ తతంగం ఎన్నడూ చూడలేదు.

“ఆ కాస్త రాయడానికి అంత పొద్దున్నే లేవాలా?” అన్నాడొకసారి.

“నువ్వు లేవకముందు ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది,” అంది క్లెలియా.

ఊరి ఉమ్మడి రొట్టెల పొయ్యి మూతపడి నాలుగేళ్లయింది. రొట్టె పట్నం నుంచి వ్యానులో వస్తుంది. వచ్చేసరికి దాంతో మేకులు కొట్టొచ్చు. మంచు పడ్డప్పుడు రోడ్ల మీద చల్లే ఉప్పుకు ఆ గదిని వచ్చే సోమవారం నుంచి గోదాము చేస్తామని, నడిపేవాళ్లుంటే ఆదివారం సాయంత్రం లోపు తాళంచెవి తీసుకోవాలని మేయరు ఫియొరెంజో ప్రకటించాడు.

క్లెలియా తల్లి జీవితమంతా ఆ పొయ్యి ముందే గడిచింది. క్లెలియా మనసూ అక్కడే ఉంది, ధైర్యమే చాలడం లేదు. బగాత్తో అనే ముక్క వచ్చిన రోజు వెళ్లి అడుగుతానంది. బగాత్తో తురుపుల్లో మొదటివాడు. బొమ్మలో అతని ముందు బల్ల, బల్ల మీద పనిముట్లు, చేతిలో పని.

ఎవాసియో లెక్క వేసుకున్నాడు. పొయ్యి అంటే కట్టెలు. కట్టెలంటే తెల్లవారుజామున నాలుగు. నాలుగంటే ఎవాసియో.

ఆమె ఆ మాటన్న సోమవారం మధ్యాహ్నమే బగాత్తోను కట్టలోంచి లాగి తన గోధుమరంగు కోటు లోపలి జేబులో దాచాడు. జీవితంలో అతను రేపటికి వాయిదా వేయని పని అదొక్కటే.

ఇక రోజూ ఫలహారం దగ్గర బగాత్తో వచ్చాడా అని అడిగేవాడు. రాలేదనేది. అయ్యో అనేవాడు. జాలి ముదిరి, శుక్రవారం తన కప్పు తనే కడిగాడు. క్లెలియా ఆ కప్పు వైపు చాలాసేపు చూసింది.

ఆదివారం క్లబ్బుకు బయల్దేరుతుంటే ఆమే గోధుమరంగు కోటు దులిపి భుజాల మీద వేసింది. అందులో గెలిచేవాడిలా కనిపిస్తావని కూడా అంది. అతను నమ్మాడు.

మూడో ఆటలో మేయరు బగాత్తోను వేశాడు. దాన్ని కొట్టడానికి ఎవాసియో ఉత్సాహంగా బల్ల మీదికి వంగాడు. కోటు లోపల్నుంచి ఓ ముక్క జారి, వెల్లకిలా పడింది. బల్ల మీద ఇద్దరు బగాత్తోలు.

ఆ క్లబ్బులో పెళ్లాన్ని మోసం చేసినవాణ్ణి క్షమిస్తారు. పేకలో మోసం చేసినవాణ్ణి క్షమించరు.

“ముప్ఫై ఏళ్లుగా కలిసి ఆడుతున్నాం, ఎవాసియో,” అన్నాడు మేయరు మెల్లగా.

“ఇది ఆట ముక్క కాదు. మా ఆవిడది.”

పొయ్యి, కట్టెలు, తెల్లవారుజాము, అన్నీ చెప్పుకోవలసి వచ్చింది. ఎవరూ నమ్మలేదు. ఇంటికెళ్లి కట్ట లెక్కపెడదామన్నారు. పదకొండు మంది నడివీధిలో అతన్ని ముందు పెట్టుకుని నడిచారు.

తలుపు తీసే ఉంది. బల్ల మీద పేక కట్ట, దాని పక్కన తుడిచి పెట్టిన పన్నెండు వైను గ్లాసులు.

మేయరు లెక్కపెట్టాడు. డెబ్భై ఏడు. బగాత్తోను పైన పెట్టాడు. డెబ్భై ఎనిమిది, కట్ట నిండింది. ఎవాసియో పేకదొంగ కాదని తేలింది. ఏమిటో కూడా తేలింది.

“బగాత్తో వచ్చాడు,” అంది క్లెలియా. “మేయరు గారి చేత్తోనే వచ్చాడు. తాళంచెవి ఇప్పించండి.”

వ్యాను రొట్టెకు పోయిన నెలే ఒక ముందుపన్ను అర్పించుకున్న మేయరు జేబులోంచి తాళంచెవి తీశాడు. “మరి కట్టెలెవరు మోస్తారు వదినా?”

అందరూ ఎవాసియో వైపు తిరిగారు.

“రేపు,” అన్నాడతను అలవాటుగా.

“రేపే,” అంది క్లెలియా. “నాలుగింటికి.”

వాళ్లు వెళ్లాక నోటుబుక్కు అతని ముందుకు తోసింది. మంగళవారం: లెక్కపెడితే డెబ్భై ఏడే. కోటు లోపలి జేబులో ఉంది. ఉండనీ. శుక్రవారం: కప్పు కడిగాడు. సిగ్గు మొదలైంది. శనివారం: జేబు అడుగు కుట్టు విప్పాను.

“అన్నీ తెలిసి నువ్వే వెళ్లి తాళంచెవి అడగొచ్చుగా?”

“తాళంచెవికి నేను చాలు. కట్టెలు మోసేవాడు పదిమంది ముందు ఒప్పుకోవాలిగా.”

చల్లారిన పొయ్యి వేడెక్కడానికి మూడు రోజులు పట్టింది. నాలుగో రోజు పొద్దున మొదటి వాయి దిగింది. వాసన చర్చి మెట్ల దాకా వెళ్లింది. ఎవాసియో ఒక చిన్న రొట్టె తీసి, ఎవరూ చూడకుండా కోటు లోపలి జేబులో పెట్టబోయాడు. చెయ్యి దూరలేదు. జేబు మూతి నల్లదారంతో గట్టిగా కుట్టేసి ఉంది.

“చేత్తో పట్టుకుని తిను,” అంది క్లెలియా, వెనక్కి తిరక్కుండానే. “ఊరంతా చూడనీ.”