నవ్వే దుంపల లవణ సంగ్రామం

ఆనాడు జరగవలసిన మహత్కార్యములు ఐదు: డిగ్రీ సర్టిఫికెట్లకు జెరాక్సులు తీయించుట; చేపల షెడ్డులో పనిచేయు తండ్రి అహరోనుకు రబ్బరు బూట్లు కొనుట; నానమ్మ పాపమ్మకు బీపీ మాత్రలు తెచ్చుట; రెండు గంటల కైకలూరు బస్సు తప్పిపోకుండుట; అన్నిటికంటె దుష్కరమైనది, నవ్వే బంగాళాదుంపల ప్యాకెట్టులో ఉప్పెంతో కనుగొనుట.

స్వస్తి! కృష్ణా గోదావరుల నడుమ, గూడబాతుల రెక్కల నీడలు తేలియాడు కొల్లేటి సరస్సునకు ఎగువన, మార్చి మాసపు మార్తాండుడు తారురోడ్డును బెల్లపు పాకము వలె కరిగించుచున్న మిట్టమధ్యాహ్నవేళ, ఏలూరు పురమున, తన వంశమున డిగ్రీ పట్టా చేపట్టిన ప్రథమ వీరాంగన, రసాయనశాస్త్ర పారంగత, ఉపనేత్ర కవచధారిణి యగు జాయ్సీ ఒక దుకాణపు ఫ్రీజరు ఎదుట నిలిచెను.

ఈ సమరమునకు హేతువేమన్న, తాడేపల్లిగూడెం మార్కెట్టులో ముప్పదేండ్లు ఉల్లిపాయలూ దుంపలూ ఏరిన యోధురాలు పాపమ్మకు బీపీ పెరిగెను, కాళ్లు వాచెను. డాక్టరుగారు ఉప్పునకు హద్దు గీసిరి. నాటి నుండి మూడు మాసములు చప్పిడి కూడు. నాలుగు ముద్దలకే చేయి కడుగుకొనుట, రోజురోజుకీ మనిషి చిక్కిపోవుట. అట్టి పాపమ్మ మొన్న టీవీ ప్రకటనలో, ఉడికిన దుంపను కళ్లూ నోరూ గల బిళ్లలుగా అచ్చొత్తి వేయించు నవ్వుమొగముల దుంపలను చూచి లేచి కూర్చుండెను.

"ఎన్ని లారీల దుంపలు ఏరానే జాయ్సమ్మా! మొలకలొచ్చినవి చూశాను, కుళ్లినవి చూశాను. నవ్వే దుంప మటుకు చూళ్లేదే. ఒకటి తినాలే!"

మూడు మాసములలో ఆమె నోరు తెరచి అడిగిన తిండి అదొక్కటే. కాదన్నచో ఆ నోరు మరల తెరవదు. లెక్క తప్పినచో ఆ కాళ్లు మరల వాచును. ఉదయముననే జాయ్సీ కాగితము పట్టి, పాలూ పెరుగూ కూరా పప్పూ అన్నీ కూడి, డాక్టరుగారి హద్దులోనుండి తీసివేయగా, సాయంకాలమునకు మిగిలిన సోడియము నూట యాభై మిల్లీగ్రాములు. ఆ అల్పరాజ్యమును కాపాడుటకే ఈ దండయాత్ర.

ప్యాకెట్టు ముందువైపున పూర్ణచంద్ర సన్నిభములైన మొగములు పకపక నవ్వుచుండెను. వెనుకవైపున, చీమతలలకంటె చిన్న అక్షరములతో, మంచు కోటలో దాగియుండెను శత్రువు. జాయ్సీ బొటనవ్రేలిని గదగా చేసి మంచును రుద్దెను. వ్రేలు కొయ్యబారెను. ఫ్రీజరు ఆవిరికి కళ్లజోడు మసకబారెను. తుడిచెను, మరల మసకబారెను. ఇంతలో కౌంటరు వెనుకనుండి దుకాణదారుడు అబ్బులు గళమెత్తెను.

"ఏవండీ, ఆ మూతేసి చదువుకోండి! మీ పరీక్షయ్యేలోగా నా ఐస్‌క్రీములు పాయసమైపోతాయండి."

"ఒక్క నిమిషమండీ. సోడియం కనబడట్లేదండి."

"సోడియం మేం అమ్మమండి. పక్కన మందుల షాపులో అడగండి."

ఆ వాగ్బాణమునకు చలింపక ఆమె రుద్దగా రుద్దగా, శత్రుసేన వరుసగా బయల్వెడలెను. నూరు గ్రాములకు నూట తొంభై కిలోకేలరీల శక్తి మదగజము వలె, ఇరవయ్యారు గ్రాముల పిండిపదార్థము కాల్బలము వలె, ఎనిమిది గ్రాముల కొవ్వు రథము వలె, రెండే గ్రాముల ప్రొటీను దారితప్పిన బంటు వలె! ఆపై 'ఒక వడ్డనకు అరవై గ్రాములు' అను మాయ ఎదురయ్యెను. కొల్లేటి తీరమున ఏ ఇల్లాలు అరవై గ్రాములు వడ్డించి చేయి వెనుకకు తీసెను? ఆ మాయను ఛేదించి, అట్టడుగు గడిలో నక్కిన వానిని పట్టి, "ఓరీ సోడియాసురా! నవ్వుమొగముల వెనుక నక్కి ముసలివాళ్ల కాళ్లు వాచజేయు ద్రోహీ! నీ బలమెంతయో పలుకుము!" అని ఆమె మనసున గర్జించెను.

నూరు గ్రాములకు మూడు వందల యాభై మిల్లీగ్రాములు. నాలుగు వందల గ్రాముల ప్యాకెట్టు, ముక్కలు ఇరవై. ముక్కకు డెబ్బై.

"రెండు!" అని జాయ్సీ పెనుకేక పెట్టెను.

"రెండు ప్యాకెట్లాండి?" అని అబ్బులు ఆశగా లేచెను.

"కాదండి. ఒకటే. రెండు ముక్కలు."

అబ్బులు మరల కూర్చుండెను.

తండ్రి ఇచ్చిన థర్మాకోల్ చేపలపెట్టెలో, దంచిన ఐసు నడుమ ప్యాకెట్టును శయనింపజేసి, ఆ పెట్టెను ఒడిలో పసిబిడ్డ వలె పొదువుకొని, బస్సు గోతిలో పడినప్పుడెల్ల తాను ఎగిరి పెట్టెను ఎగరనీయక, ఆమె కొల్లేరు దాటి ఇల్లు చేరెను. పెట్టెను గుమ్మము చెంత దింపి, కాళ్లు కడుగుకొనుటకు పెరటిలోనికి వెళ్లెను. అయ్యో! ఆ ఒక్క క్షణమే కొంప ముంచెను.

ఏలయన, ఆ సీమలో అనాదిగా ఒక ఆచారము కలదు: థర్మాకోల్ పెట్టెలో, ఐసు నడుమ ఇంటికి దిగినది ఏదైనను చేపయే. చేపను రాళ్లుప్పూ పసుపూ వేసి రుద్ది కడుగవలసినదే. జాయ్సీ తిరిగివచ్చి చూచుసరికి, తల్లి జీవరత్నం మోకాళ్ల మధ్య చట్టి బిగించి, గుప్పెడు ఉప్పుతో ఘోరముగా రుద్దుచుండెను.

"అమ్మా! ఏం చేస్తున్నావు!"

"కనపడట్లా? కడుగుతున్నా. ఐసులో వచ్చినదానికి నీచు పోవద్దూ?"

"అవి దుంపలమ్మా!"

"దుంపలైతే ఐసులో ఎందుకొచ్చాయే? పొలుసు లేదేంటా అని నేనూ అనుకుంటూనే ఉన్నా."

"ఓ జననీ! బస్సు కుదుపులకు చెదరని నా గణితసౌధమును గుప్పెడు రాళ్లుప్పుతో కూల్చితివి గదా!" అని లోలోన విలపించి, పైకి మాత్రము "ఎంత పని చేశావమ్మా" అనెను. చట్టిలో పచ్చబడి, సగము మెత్తబడి, ఉప్పులో మునిగిన ఆ దుంపలు అంత దుర్దశలోను నవ్వు మానకుండెను.

మంచముపైనుండి పాపమ్మ అంతయు విని, "పోన్లేవే. నాకు రాసిపెట్టలేదు" అని గోడవైపునకు తిరిగెను.

ఆ వెన్ను చూచి జాయ్సీ చట్టి వైపునకు ఉరికెను. ఖాళీ ప్యాకెట్టును చేతబట్టి దులిపెను. ఏమియు రాలలేదు. మరల దులిపెను. అడుగు మూలన ఏదో కదలెను. ప్యాకెట్టు చించి చూడగా, ఆహా! మంచుగడ్డకు అతుక్కొని, ఉప్పు సోకక, పసుపంటక, రెండు! సరిగ్గా రెండు!

పెనము పొయ్యి ఎక్కెను. దుంపలు ఎర్రబడుచుండగా జీవరత్నం కుడిచేయి, పాతికేండ్ల అలవాటున, దానంతటదే ఉప్పు డబ్బా వైపునకు సాగెను. జాయ్సీ ఆ చేతిని నడిదారిలోనే పట్టుకొనెను.

"వదలవే, వెయ్యట్లేదులే!"

"అయిపోయేదాకా వదల్నమ్మా."

పాపమ్మ మొదటి ముక్కను పైకెత్తి, మార్కెట్టులో వలె వెనుకాముందూ త్రిప్పి చూచి, నోట పెట్టుకొనెను. అప్పుడే వచ్చిన అహరోను గుమ్మములోనే నిలిచెను. జాయ్సీ తల్లి చేతిని ఇంకను వదలలేదు.

"ఉప్పు..." అని పాపమ్మ ఆగెను.

ముల్లోకములు ఆగెను.

"సరిపోయిందే!"

మూడు మాసములుగా ఆ ఇంట వినబడని మాట అది! రెండవ ముక్క తిని, వ్రేళ్లు నాకి, "రేపు పప్పుచారు పెట్టవే జీవరత్నం, రెండు ముద్దలు తింటా" అని కూడ ఆమె ఆజ్ఞాపించెను. ఉప్పు పట్టిన పద్దెనిమిదింటిని వేయించి పెట్టగా అహరోను తిని, "రొయ్యల వేపుడు బాగుందే" అనెను. అతనికి ఎవ్వరును నిజము చెప్పలేదు.

కావున సకల దిక్కులకు చాటడమైనది: నూట నలభై మిల్లీగ్రాములతో యుద్ధము జయింపబడెను, పది మిల్లీగ్రాములు మిగిలెను. మీరు కూరలో ఉప్పు తగ్గిందని కంచము ముందునుండి లేవబోవునపుడు, అయ్యలారా, అమ్మలారా, గూడెం మార్కెట్టులో దుంపలేరిన పాపమ్మను ఒక్కసారి తలచుకోండి.