హెన్రీ గీసిన ముసలమ్మ సందు

ఆ ఉదయం హెన్రీ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికల్లా వర్తకుల సంఘం ప్రెసిడెంటు పెంచలకృష్ణ బియ్యం కొట్టుకు వెళ్లడం, చిన్నబాబు దొంగ అని నిరూపించడం, మధ్యాహ్నానికి ఇంటికొచ్చి చేపల పులుసు తినడం. భార్య అబిగయీలు గడప దాకా వచ్చి, "అరవబాక. నువ్వరిస్తే నిజం కూడా అబద్ధం మాదిరుంటాది," అని హెచ్చరించి పంపింది.

బుచ్చిరెడ్డిపాలెం బస్టాండు దగ్గర ఊరి మ్యాపును పెద్ద బోర్డుగా పెట్టాలని సంఘం వారు తలపెట్టారు. కింద గీసినవాడి పేరుంటుంది. తన డిజైన్ కొట్టులో ఊరందరి పేర్లూ పెళ్లి పత్రికల మీద వేసి, తన పేరు ఎక్కడా చూసుకోని హెన్రీకి అది చాలు. మూడు నెలలు ఫోటోషాప్ ముందు కూర్చుని, కాలువలకు నీలం, రోడ్లకు పసుపు పూసి, వీధికొక పొర, అదే లేయరు, చొప్పున పేర్చాడు. తీరా అంత పెద్ద మ్యాపు అచ్చేసే మిషన్ పోటీగా ఎదురు కొట్టు పెట్టిన చిన్నబాబు దగ్గరే ఉంది. దొంగ చేతికి తాళం ఇచ్చినట్టు పెన్‌డ్రైవ్ అతనికే ఇవ్వాల్సి వచ్చింది.

అందుకే ఇచ్చే ముందు హెన్రీ ఒక తెలివైన పని చేశాడు. రైసుమిల్లు వెనక, ఉపగ్రహం ఫొటోలో చెట్లు తప్ప ఏమీ కనిపించని చోట, పక్క వీధిని కాపీ కొట్టి ఒక లేని సందు అతికించాడు. చర్చికి వెళ్లేవాడి పని అని ఎవరికీ అనుమానం రాకుండా దానికి గ్రామదేవత పేరు కలిపి ముసలమ్మ సందు అని పెట్టాడు.

అనుకున్నంతా అయింది. "మిషన్ మొరాయిస్తా ఉండాదన్నా" అంటూ పది రోజులు తిప్పిన చిన్నబాబు, మొదటి రోజే ఆ మ్యాపును తన పేరుతో సంఘానికి ఇచ్చేశాడు. తప్పులుంటే చెప్పమని పెంచలకృష్ణ దాన్ని కొట్టు గోడకు తగిలించాడు. హెన్రీకి ఆ సంగతి నిన్ననే తెలిసింది. ఇవాళ పదింటికి వెళ్లేసరికి చిన్నబాబు కూడా ఆ కొట్టులోనే ఉన్నాడు.

"అన్నా, ఈ ముసలమ్మ సందు యాడుండాదో చిన్నబాబును చెప్పమను," అని హెన్రీ గోడ మీది మ్యాపుపై వేలు పెట్టాడు.

చిన్నబాబు నీళ్లు నమిలేలోగా పెంచలకృష్ణే, "మిల్లెనకాల కదా?" అన్నాడు.

"అట్టాంటి సందే లేదన్నా. దొంగ దొరుకుతాడని నేనే ఊరికే గీసినా."

చేపల గంపతో సైకిల్ ఆపిన గంగులయ్య లోపలికి తొంగి చూశాడు. "లేకపోవడమేంది సామీ? దినామూ ఆ సందులోనే అమ్ముతుండా. మా నాయన కూడా ఆడ్నే అమ్మినాడు."

హెన్రీ తెల్లబోయాడు. చిన్నబాబు ముఖం మాత్రం వెలిగింది. "చూసినావా అన్నా? నేను కాళ్లరిగేలా తిరిగి గీసినా. ఏసీలో కూర్చునే మనిషికి ఊరేం తెలస్తాది?"

"నాకు ఏసీ లేదు," అన్నాడు హెన్రీ. ఆ క్షణాన అతను ఖాయంగా చెప్పగలిగిన మాట అదొక్కటే.

పోయి చూద్దామని బయలుదేరారు. కొట్టు దగ్గర నలుగురు, సెంటరు దాటేసరికి ఇరవై మంది. సందును ఎవరో ఆక్రమించారని వెనక ఒకరన్నారు. కాలువ దగ్గరికొచ్చేసరికి ఆక్రమించినవాడు హెన్రీ అయ్యాడు. "అంత చిన్న సందును ఏం చేసుకుంటావబ్బయ్యా?" అని ఒక పెద్దాయన జాలిగా అడిగాడు.

మిల్లు వెనక నీలం బోర్డు నిలబడి ఉంది. దాని మీద తెల్లని అక్షరాలతో ముసలమ్మ సందు. పక్కన కాలిబాట, చెట్ల కింద పది ఇళ్లు. హెన్రీకి బుర్ర తిరిగిపోయింది. తాను గీశాక సందు వచ్చిందా, సందును చూసి తాను గీశాడా?

మొదటి ఇంటి రెజీనా, చర్చిలో ఎరిగున్న మనిషే, అతన్ని పక్కకు లాగింది. "మ్యాపులో మా దారి పడిందని మొన్ననే బోర్డు పెట్టుకున్నామన్నా. ఇన్నేళ్లూ మిల్లెనకాల ఇళ్లంటే ఎవురికీ అర్థమయ్యేది కాదు. నిన్న మొదటిసారి గ్యాసు బండి వాకిటికొచ్చింది. సందు లేదని మాత్రం చెప్పబాక."

బోర్డు పుట్టి మూడు రోజులైందని ఒక్క మాటంటే చాలు, హెన్రీ పేరు బస్టాండు ఎక్కుతుంది. అతను రెజీనా వైపు చూశాడు, వాకిట్లో ఎర్ర సిలిండర్ వైపు చూశాడు. ఏడుపొచ్చినంత పనైంది.

"సందు ఉండాది. నేనే పొరబడినా."

"ఉండాదో లేదో గీసినోడికి తెలీదా?" అని పెంచలకృష్ణ అక్కడికక్కడే తీర్పు చెప్పేశాడు. బస్టాండు బోర్డు మీద చిన్నబాబు పేరుతో పాటు, అతనికి పనులు దొరుకుతాయని ఫోన్ నంబరు కూడా వేయమన్నాడు.

ఇంట్లో అబిగయీలు అంతా విని, ఇంకో చేప ముక్క వడ్డించింది.

బస్టాండులో బోర్డు లేచేసరికి, మ్యాపులో పడితే దారి వస్తుందనీ, దారి వెంట గ్యాసు బండి వస్తుందనీ ఊరంతా పాకిపోయింది. మర్నాడు తెల్లారేసరికి చిన్నబాబు కొట్టు ముందు జనం. ఒకాయన తన వీధి వెడల్పు చేయమన్నాడు. ఒకామె దోమలెక్కువని కాలువను అవతలి వీధికి జరపమంది. ఫోన్ మోగుతూనే ఉంది. మూడో రోజు చిన్నబాబు రోడ్డు దాటి వచ్చి హెన్రీ చేతులు పట్టుకున్నాడు.

"అన్నా, మ్యాపు నీదేనని నలుగురిలో ఒప్పుకుంటా. నీ పేరు ఏయించుకో."

హెన్రీ ఎదురుగా ఉన్న జనాన్ని ఒకసారి చూశాడు. "వద్దులే అబ్బయ్యా. కాళ్లరిగేలా తిరిగింది నువ్వు కదా."

బస్టాండులో చిన్నబాబు పేరు ఇప్పటికీ అలాగే ఉంది. కింద ఫోన్ నంబరు మీద మాత్రం ఎవరో సున్నం పూశారు.