ఎలుగుబంటి ఇంటి వైఫై కమిటీ

ఒక పెద్ద అడవిలో, పులికి భయపడేవాళ్లు తగ్గి నెట్ పోతుందేమోనని భయపడేవాళ్లు పెరిగిన కాలంలో, భల్లూకమ్మ అనే ఎలుగుబంటి గుహలో కూర్చుని పిల్లజంతువులకు ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పేది. ఆమె భర్త బొచ్చయ్య తేనె తాగడం, నిద్రపోవడం తప్ప వేరే ఉద్యోగమేదీ పెట్టుకోలేదు. ఆ ఇల్లు నడిచేది ఆమె జీతం మీదే.

గుహలో వైఫై మాత్రం ఇలా వచ్చి అలా పోయేది. భల్లూకమ్మ "రెండు రెళ్లు" అనేసరికి ఫోనులో బొమ్మ ఆగిపోయేది. అది మళ్లీ కదిలేలోపు పిల్లలు "మూడు" అని రాసుకుని ఆటలకు పోయేవారు.

బడి యజమాని నెమలి మేడం ఊరుకునే రకం కాదు. "టీచర్, ఫీజులు కట్టినవాళ్లు నన్ను అడుగుతున్నారు. ఇంకొక్కసారి క్లాసు ఆగితే మీరు వేరే బడి చూసుకోండి" అంది.

భల్లూకమ్మ హడలిపోయి వైఫై కంపెనీకి ఫోన్ చేసింది. కంపెనీ నుంచి కోతి వచ్చింది. వైఫై పెట్టెను ఆపి, మళ్లీ వేసింది. ఆగిన బొమ్మ కదిలింది. కోతి చదువు అంతవరకే.

"ఒకసారి నా ఫోన్‌లో చూస్తాను, పాస్‌వర్డ్ చెప్పండమ్మా" అంది.

భల్లూకమ్మ చెప్పింది. కోతి గుమ్మం పక్కన చెట్టెక్కి చూడటం మొదలుపెట్టింది. పొద్దుగుంకినా చూస్తూనే ఉంది. లోపల బొమ్మ మళ్లీ ఆగిపోయింది.

మర్నాడు బొచ్చయ్య వాస్తు తెలిసిన కొంగ సిద్ధాంతిని పిలుచుకొచ్చాడు. సిద్ధాంతి ఒంటికాలి మీద నిలబడి గుహంతా పరికించి, "దీపాలు వెలిగే వస్తువు ఆగ్నేయంలో ఉండాలి నాయనా. ఈశాన్యంలో పెడితే నిలుస్తుందా?" అన్నాడు. పెట్టె ఆగ్నేయానికి, అంటే వంటింట్లో ఇత్తడి గంగాళం వెనక్కి చేరింది. "ఫలితం నేను కూడా గమనిస్తూ ఉండాలి. పాస్‌వర్డ్ చెప్పమ్మా" అని సిద్ధాంతి వాకిట్లోనే స్థిరపడ్డాడు.

దాంతో వచ్చే కాస్త నెట్ కూడా సగానికి పడిపోయింది.

సంగతి కాలనీ సంఘం అధ్యక్షుడైన నక్క చెవిన పడింది. ఎవరింట కష్టమొచ్చినా నక్కకి కడుపు నిండుతుంది. "బొచ్చయ్యగారూ, ఇది మీ ఒక్కరి సమస్య కాదు. కమిటీ వెయ్యాల్సిందే" అంది. బొచ్చయ్య పొంగిపోయాడు. పుట్టి బుద్ధెరిగాక అంతమంది పెద్దలు అతని గడప తొక్కింది లేదు. వాకిట్లో కుర్చీలు వేసి, భార్య చేత తేనె పోయించాడు.

నక్క, కోతి, సిద్ధాంతి, విచారణకని వచ్చిన నెమలి మేడం కమిటీ సభ్యులు. వాళ్ల బంధువులు ప్రత్యేక ఆహ్వానితులు. పరిశీలన నిమిత్తం అందరికీ పాస్‌వర్డ్ ఇవ్వాలని మొదటి సమావేశంలోనే ఏకగ్రీవంగా తీర్మానించారు. నక్క సీరియళ్లు చూస్తూ పరిశీలించింది. కోతి ఆటలాడుతూ పరిశీలించింది. నెమలి మేడం తన నాట్యం వీడియోలు అప్‌లోడ్ చేస్తూ పరిశీలించి, "నిజమే, చాలా నెమ్మదిగా ఉంది. దీంతో పాఠాలేం చెప్తారు టీచర్?" అని కోప్పడింది.

"ఏవండీ, మీ కమిటీ వచ్చాక నా నోట్లోంచి రెండు రెళ్లు కూడా బయటికి పోవడం లేదు" అంది భల్లూకమ్మ.

"పెద్దవాళ్లు చూస్తున్నారు కదే. తొందరపడితే ఎలా?" అన్నాడు బొచ్చయ్య.

ఇంతలో నక్క కూతురికి పెళ్లి కుదిరింది. కమిటీ యావత్తూ ఏటి అవతలికి పెళ్లికి పోయింది. ఆ రోజు గంగాళం వెనకనుంచే అయినా భల్లూకమ్మ పాఠం ఆగకుండా సాగింది. పిల్లలు మొట్టమొదటిసారి హోంవర్క్ పడినందుకు ఏడ్చారు. ఆమెకి విషయం బోధపడింది. సాయంత్రమే పెట్టెను తెచ్చి తన బల్ల మీద పెట్టుకుని పాస్‌వర్డ్ మార్చేసింది. మొగుడికి కూడా చెప్పలేదు.

మర్నాడు పాఠం పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా నిరాటంకంగా జరిగింది. ఉద్యోగం నిలబడ్డట్టే అనుకుంది పిచ్చితల్లి.

ముగించి బయటికొచ్చేసరికి వాకిట్లో పెళ్లి నుంచి తిరిగొచ్చిన కమిటీ ఊరేగింపు ఉంది. "మా నెట్ ఏమైంది?" అని కోతి అరుస్తోంది. సిద్ధాంతి అరిష్టమంటున్నాడు. నక్క గొంతు సవరించుకుని కమిటీ నివేదిక చదివింది. "నిన్నటిదాకా సమస్య ఒక్క ఇంట్లోనే ఉండేది. ఈవేళ కాలనీ అంతా పాకింది. ఇందుకు బాధ్యురాలు భల్లూకమ్మ."

నెమలి మేడం ముందుకొచ్చింది. "ఈవేళ మీ క్లాసు నాకసలు కనపడనే లేదు టీచర్. రేపట్నుంచి రానక్కర్లేదు."

"పిల్లలందరికీ కనపడింది మేడం."

"జీతమిచ్చేది పిల్లలా?"

భల్లూకమ్మకి ఒళ్లు మండిపోయింది. వెనక్కి తిరిగితే ఖాళీ తేనెకుండ, దాని పక్కన ఆవలిస్తున్న బొచ్చయ్య కనిపించారు. కోపం దిగమింగుకుని పాస్‌వర్డ్ చెప్పేసింది. ఊరేగింపు ఎక్కడిదక్కడ కూలబడి ఫోన్లు తీసింది.

"ఆఁ, ఇప్పుడు బాగుంది" అంది నెమలి మేడం. "ఉద్యోగంలోనే ఉండండి. మధ్యలో అప్పుడప్పుడూ ఆగడమంటారా, ఎక్కడైనా ఉండేదే."

సమస్య పరిష్కరించినందుకు నక్కకి సన్మానం చేశారు. శాలువా బొచ్చయ్యే కొన్నాడు, భార్య జీతంతో. సన్మానాన్ని సభ్యులూ, వాళ్ల బంధువులూ ఎవరి ఫోన్‌లో వాళ్లు లైవ్ ఇచ్చారు. లోపల భల్లూకమ్మ "రెండు రెళ్లు" అంది. అడవిలోని పిల్లలందరి ఫోన్లలోనూ ఆమె నోరు అలా తెరుచుకునే ఉండిపోయింది.

నీతి: నలుగుర్ని బతికిస్తున్న సమస్యను ఒక్కరి కోసం పరిష్కరించకూడదు.