వారం ముందు వేసిన తేదీ

ఆ ఉదయం గుమాస్తా వేసుకున్న పథకం చిన్నదే. రెండో కాఫీ తాగడం, పాలమూత కవరు పేటెంటు ఆఫీసులో ఇచ్చేయడం, పెందలాడే ఇల్లు చేరి కాళ్లు బార్లా చాపుకోవడం.

పాలు పొంగబోతే తనే పొయ్యి ఆర్పేసే మూత కనిపెట్టినాయన, పరాయి దేశంలో మొదట దరఖాస్తు పెట్టి, ఇక్కడి దరఖాస్తూ తనే నింపుకున్నాడు. మొదటిదాని నకలును గడువులోగా అందించే పని మాత్రం లాయరుగారికి అప్పగించాడు. అది అందకపోతే, ముందు కనిపెట్టింది తనేనని చూపే ఆ మొదటి తేదీ దక్కదు. వెనకాల వచ్చిన పోటీదారు మూత ఎగరేసుకుపోతాడు. ముద్ర చెడితే నకలు చెల్లదని దాని కవరు ఎవరూ విప్పలేదు; గడువు తేదీ ఆయన నోటితో చెప్పిందే.

లాయరుగారిని పరుగెత్తించడానికి గుమాస్తా ఇరవై ఏళ్లుగా ప్రతి గడువునూ వారం ముందు తేదీకి రాస్తున్నాడు. డైరీలో ఇరవై ఉంది కాబట్టి అసలుది ఇరవై ఏడని, ఈ ఇరవై ఆరున నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు.

"ఆ ఇరవై నేను దిద్దింది బాబాయిగారూ," అంది టైపిస్టు. "మీరు పదమూడు వేశారు. మీ అలవాటు తెలుసుగా, అసలు తేదీ వేసేశాను."

గుమాస్తా కాఫీ కింద పెట్టేశాడు. "అంటే... గడువు దాటి ఆరు రోజులైందా?"

"మీరెప్పుడో ఇచ్చేశారనుకున్నానే!"

సంగతి విని లాయరుగారు తల పట్టుకున్నారు. "నువ్వు వారం ముందు రాస్తావని నేనూ వారం కలుపుకుంటానయ్యా! సరే, నీకు ఒళ్లు బాగాలేదని పేటెంటు ఆఫీసుకు రాద్దాం."

"జ్వరమా అండీ?"

"ఆరు రోజులకి జ్వరం చాలదు. తలకి దెబ్బ!"

టైపిస్టు క్షమాపణ పత్రం కొట్టింది. ఎవరైనా వచ్చి చూస్తే నమ్మేలా లాయరుగారు స్వయంగా గుమాస్తా తలకు కట్టు కట్టి బల్ల మీద పడుకోబెట్టారు. అంతలో పాలమూతాయన రానే వచ్చాడు.

"అయ్యయ్యో, ఏం తగిలిందండీ?"

ఉద్యోగం పోయినట్టేనని గుమాస్తాకు ఏడుపొచ్చింది. "మీ గడువు తగిలిందండీ," అని ఉన్నదంతా కక్కేశాడు.

ఆయన పకపకా నవ్వాడు. "మీరు ఆలస్యం చేస్తారని నేనే నెల ముందు తేదీ చెప్పాను. అసలు గడువు వచ్చే నెల ఇరవై!"

గుమాస్తా కట్టుతోనే లేచి ఆయన చేతులు పట్టుకున్నాడు. లాయరుగారు క్షమాపణ పత్రం చింపేశారు.

"పోనీ, ఇప్పుడే ఇచ్చేసి రాకూడదూ?" అన్నాడాయన.

"ఇంకా బోలెడు రోజులున్నాయిగా!" అన్నారు ముగ్గురూ ఒక్కసారే.

గుమాస్తా డైరీ తీసి వచ్చే నెల పదమూడు అని రాశాడు. టైపిస్టు రబ్బరు కోసం సొరుగు లాగింది.